మన మంత్రి లక్సెంబర్గ్‌లో ఎటు ఓటేశారో కనుక్కోవడం ఎలా

మా నాన్నకు కైకలూరు దగ్గర కొల్లేరులో కౌలుకు తీసుకున్న చేపల చెరువు ఉండేది. 2006లో ఆపరేషన్ కొల్లేరు మొదలై, పొక్లెయిన్లు వచ్చి ఐదో కాంటూరు (సరస్సుకు హద్దుగా పెట్టిన ఎత్తు గీత) లోపలున్న చెరువు గట్లు కొట్టేశాయి. అందులో మాదీ పోయింది. సరస్సు బతకాలంటే అది తప్పదని నాన్న ఇప్పుడు ఒప్పుకుంటారు. మేం సెలవుల్లో వెళ్తే ఆటపాకలో గూడబాతుల్ని చూపించడానికి మనవరాల్ని ఆయనే వెంటబెట్టుకుని వెళ్తారు. కానీ ఆ మాట ఎక్కడ అనుకున్నారు, ఎవరెవరు కూర్చుని అనుకున్నారు, మన తరఫున ఎవరు మాట్లాడారు అన్నది ఊళ్లో ఒక్కరికీ తెలియదు. చెరువు పోయిన బాధ కంటే ఆ తెలియకపోవడమే ఆయన్ని ఎక్కువ రోజులు తినేసింది.

నేను వియన్నా వచ్చి పన్నెండేళ్లు దాటింది. ఇక్కడ ఒక ల్యాబ్‌లో పని చేస్తాను. ఏ పార్టీతోనూ సంబంధం లేదు, పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే. అయినా నా కరెంటు బిల్లు, నా వీసా రూల్స్, మా పాప స్కూలు వెనకున్న వాగులో నీళ్లు, వీటన్నిటి మీదా నిర్ణయాలు జరిగే ఒక బల్ల ఉంది. ఆ బల్ల దగ్గర యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల మంత్రులు కూర్చుంటారు. సగం వార్తల్లో "బ్రస్సెల్స్ ఇలా చెప్పింది" అని వస్తుంది. బ్రస్సెల్స్ అంటే యూనియన్ ఆఫీసులున్న ఊరు, ఆ పేరుతో మనిషి ఎవరూ లేరు. మనం ఉంటున్న దేశం మంత్రి ఆ గదిలో ఉన్నారు, ఏదో ఒకటి అన్నారు, చెయ్యి ఎత్తారు లేదా ఎత్తలేదు. అది కనుక్కోవచ్చు. జర్మనీలో ఉన్నా, ఐర్లండ్‌లో ఉన్నా, నెదర్లాండ్స్‌లో ఉన్నా పద్ధతి దాదాపు ఒకటే. నేను ఎలా చేస్తానో రాస్తున్నాను.

ముందు ఏ కౌన్సిలో తేల్చుకోండి

ఇక్కడే చాలామంది తప్పిపోతారు, ఎందుకంటే ఒకేలా వినిపించే పేర్లు మూడున్నాయి. యూరోపియన్ కౌన్సిల్ అంటే ప్రధానులు, అధ్యక్షులు కూర్చునేది. అది దారి చూపిస్తుంది, చట్టాలు చేయదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అయితే అసలు యూరోపియన్ యూనియన్‌కు సంబంధించింది కాదు. అది స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటుంది, అందులో 46 దేశాలున్నాయి, మానవ హక్కుల కోర్టు దానిదే. మనకు కావలసింది మూడోది, కౌన్సిల్ ఆఫ్ ది యూరోపియన్ యూనియన్. మంత్రులు కూర్చునేది ఇందులోనే. యూరోపియన్ పార్లమెంటుతో కలిసి చట్టాలు చేసేదీ ఇదే.

తెలిసిన పోలిక కావాలంటే మన జీఎస్టీ కౌన్సిల్‌ను గుర్తు తెచ్చుకోండి. రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కూర్చుంటారు, ఓటుకు బరువు ఉంటుంది, అక్కడ తేలింది ఊళ్లో కిరాణా కొట్టు దాకా వస్తుంది. అయితే జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రాలన్నిటి బరువూ సమానం, ఇక్కడ జనాభాను బట్టి ఉంటుంది. ఇంకో పెద్ద తేడా, ఇక్కడ చట్టం మీద చర్చ, ఓటు జరిగేటప్పుడు కెమెరా ఆన్‌లో ఉండాలి. అది దయాదాక్షిణ్యం మీద ఆధారపడింది కాదు, యూరోపియన్ యూనియన్ ఒప్పందంలో 16వ ఆర్టికల్ 8వ పేరాలోనే రాసి ఉంది.

కౌన్సిల్ ఒకటే అయినా, కూర్చునే మంత్రుల్ని బట్టి పది రూపాలున్నాయి. వ్యవసాయం, చేపలు కలిపి ఒకటి. పర్యావరణం ఒకటి. వీసాలు, సరిహద్దులు, పోలీసు వ్యవహారాలన్నీ హోం, న్యాయ మంత్రుల దాంట్లో. ఆర్థిక మంత్రులది ఎకోఫిన్. రవాణా, టెలికాం, ఎనర్జీ కలిపి ఒకటి. కాబట్టి మీ విషయం ఏదో ముందు రాసుకుని, అది ఏ రూపంలోకి వస్తుందో చూడండి. కృత్రిమ మేధ చట్టాన్ని 2024 మే 21న కౌన్సిల్ ఆమోదించినప్పుడు నా ఐటీ ఫ్రెండ్స్ ఎవరికీ తెలియలేదు. ఆ రోజు కూర్చున్నది టెలికాం మంత్రులు. మనవాళ్లేమో ప్రధానుల సమావేశం ఎప్పుడా అని చూస్తున్నారు.

చోటు కూడా మారుతుంది. మామూలుగా బ్రస్సెల్స్‌లో యూరోపా బిల్డింగ్. ఏప్రిల్, జూన్, అక్టోబరు నెలల్లో మాత్రం లక్సెంబర్గ్. కౌన్సిల్ అధ్యక్షత ఆరు నెలలకో దేశానికి మారుతుంది, ఆ దేశంలో "ఇన్ఫార్మల్" అని ఇంకో రకం సమావేశాలు కూడా పెడతారు. ఫోటోలు బాగుంటాయి, వార్తల్లో బాగా వస్తుంది, కానీ అక్కడ చట్టాల మీద ఓటింగ్ ఉండదు. మీ మంత్రి అలాంటి దానికి వెళ్లొచ్చి "నిర్ణయించాం" అంటే ఒకసారి ఆగి చూసుకోండి.

ఎజెండా ఎలా చదవాలి

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీటింగ్స్ క్యాలెండర్ ఉంటుంది. తేదీ మీద నొక్కితే ఆ సమావేశం పేజీ వస్తుంది. అందులో ఎజెండా, బ్యాక్‌గ్రౌండ్ నోట్, లైవ్ లింకు ఉంటాయి. నేను మొదట బ్యాక్‌గ్రౌండ్ నోట్ చదువుతాను. నాలుగైదు పేజీల్లో ఏ అంశం ఎక్కడిదాకా వచ్చిందో మామూలు ఇంగ్లీషులో ఉంటుంది. తర్వాతే ఎజెండా.

ఎజెండాలో "ఏ" (A) పాయింట్లు, "బీ" (B) పాయింట్లు అని రెండు రకాలు. "బీ" అంటే మంత్రులు కూర్చుని మాట్లాడేవి. "ఏ" అంటే కింది స్థాయిలో అప్పటికే తేలిపోయినవి. కింది స్థాయి అంటే కోరెపర్. ప్రతి దేశానికీ బ్రస్సెల్స్‌లో ఒక రాయబారి, ఒక డిప్యూటీ ఉంటారు. వాళ్లు వారం వారం కూర్చుని గుంజుకుని గుంజుకుని ఒక మాటకు వస్తారు. వాళ్లు "సరే" అన్నవన్నీ "ఏ" పాయింట్ల జాబితాలోకి వెళ్తాయి. మంత్రులు ఆ జాబితా మొత్తాన్ని చర్చ లేకుండా ఒకేసారి ఆమోదిస్తారు.

ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. "ఏ" పాయింటు ఏ మంత్రుల సమావేశంలోనైనా రావచ్చు. బ్యాంకుల చట్టానికి చివరి ఆమోదం చేపల కోటాల గురించి మాట్లాడే మంత్రుల సమావేశంలో పడొచ్చు. కౌన్సిల్ చట్టపరంగా ఒక్కటే కాబట్టి అది చెల్లుతుంది. నేను ఒకసారి ఒక చట్టం కోసం సెలవు పెట్టుకుని రెండు గంటలు లైవ్ చూశాను. అది మొదటి నిమిషంలోనే "ఏ" జాబితాలో కలిసి అయిపోయిందని సాయంత్రానికి గానీ తెలియలేదు. అప్పట్నుంచీ "ఏ" జాబితా కాగితాన్ని ముందే తెరిచి, చట్టం పేరు వెతికి పెట్టుకుంటున్నాను. ఇంకొన్ని అసలు సమావేశం లేకుండానే రాతపూర్వకంగా అయిపోతాయి. వాటికి లైవ్ ఉండదు, ఓటు ఫలితం మాత్రం తర్వాత దొరుకుతుంది.

అంశం పక్కన చిన్న చిన్న గుర్తులుంటాయి. నక్షత్రం గుర్తుంటే అక్కడ ఓటు అడగొచ్చని అర్థం. గుర్తుల వివరం ఎజెండా చివర ఇస్తారు, అది చూడకుండా పైకి వెళ్లకండి.

లైవ్ చూసేటప్పుడు

పొద్దున్నే మంత్రులు కారు దిగి లోపలికి వెళ్తూ మైకుల ముందు ఆగుతారు. దాన్ని డోర్‌స్టెప్ అంటారు. రెండు నిమిషాలు తమ దేశం ప్రెస్‌తో తమ భాషలో మాట్లాడతారు. ఆ వీడియోలు విడిగా పెడతారు. ఇవి తప్పకుండా చూడండి, ఎందుకంటే గుమ్మం దగ్గర చెప్పిందీ, లోపల అన్నదీ పక్కపక్కన పెట్టుకుంటేనే మనిషి అర్థమవుతారు.

లోపల వరస ఇలా ఉంటుంది. అధ్యక్షత వహించే దేశం మంత్రి అంశం పేరు చెబుతారు. చట్టాలను ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ తరఫున కమిషనర్ మాట్లాడతారు. తర్వాత బల్ల చుట్టూ ఒక్కొక్కరే. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలు. ప్లేయర్‌లో భాష మార్చుకునే చోటుంటుంది, యూనియన్‌కు 24 అధికార భాషలున్నాయి. మీ మంత్రి మాట్లాడేటప్పుడు ఒరిజినల్ ఆడియో పెట్టుకుంటే మంచిది. అనువాదకులు చాలా గట్టివాళ్లు, కానీ "మాకు అభ్యంతరం ఉంది", "మాకు కొన్ని ప్రశ్నలున్నాయి" అన్న రెండిటి మధ్య గీత అనువాదంలో పలచబడుతుంది. ఓటు ఎటు పోతుందో చెప్పేది ఆ గీతే.

కుర్చీలో మంత్రే ఉన్నారా లేక వేరే ఎవరైనా వచ్చారా అన్నది కూడా చూడండి. సహాయ మంత్రి రావచ్చు. మంత్రి రాలేనప్పుడు రాయబారి కూర్చుని మాట్లాడటం చూస్తుంటాం. ఒక దేశం తన ఓటును ఇంకో దేశానికి అప్పగించవచ్చు కూడా, అయితే ఒక్కొక్కరు ఒక్క దేశం తరఫునే ఆ పని చేయగలరు. మీ మంత్రి ఎన్నిసార్లు స్వయంగా వెళ్లారో ఏడాది పొడుగునా లెక్క రాసుకుంటే, ఆ విషయం మీద ఆయనకో ఆమెకో ఉన్న శ్రద్ధ ఎంతో కొంత తెలుస్తుంది.

చట్టం కాని విషయాలకు, ముఖ్యంగా విదేశాంగ మంత్రుల చర్చలకు, మామూలుగా కెమెరా ఉండదు. మధ్యాహ్న భోజనానికి అసలే ఉండదు. నిజమైన బేరాలు చాలావరకు భోజనం దగ్గరే జరుగుతాయని అంటారు. అక్కడ మనకు దొరికేది తర్వాత జరిగే ప్రెస్ మీట్ మాత్రమే.

ఓటు లెక్క

ఎక్కువ చట్టాలకు క్వాలిఫైడ్ మెజారిటీ కావాలి. అంటే రెండు గీతలు దాటాలి. 27 దేశాల్లో కనీసం 15 ఔననాలి. ఆ ఔనన్న దేశాల జనాభా యూనియన్ జనాభాలో కనీసం 65 శాతం ఉండాలి. ఆపాలంటే కనీసం నాలుగు దేశాలు కలవాలి, వాటి జనాభా 35 శాతం దాటాలి. పన్నులు, విదేశాంగ విధానం లాంటి వాటికి మాత్రం ఏకగ్రీవం కావాలి.

తటస్థంగా ఉండటం అనేదాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోండి. క్వాలిఫైడ్ మెజారిటీలో తటస్థం అంటే లెక్కలో "కాదు" అన్నట్టే, ఎందుకంటే ఔనన్నవాళ్ల కుప్పలో మీరు లేరు. ఏకగ్రీవం కావలసిన చోట మాత్రం తటస్థంగా ఉన్న దేశం దారికి అడ్డం కాదు. కాబట్టి మంత్రి ఇంటికొచ్చి "మేం వ్యతిరేకించలేదు, తటస్థంగా ఉన్నాం" అంటే, ముందు ఏ రకం ఓటో కనుక్కోవాలి. సంకీర్ణ ప్రభుత్వంలో రెండు పార్టీలు తేల్చుకోలేక జర్మనీ తటస్థంగా ఉండిపోవడం ఎంత మామూలైపోయిందంటే, దానికి బ్రస్సెల్స్‌లో "జర్మన్ ఓటు" అని పేరే పడిపోయింది. 8 కోట్ల మంది బరువు ఆ తటస్థంతో పక్కకు పోతుంది.

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఓటింగ్ క్యాలిక్యులేటర్ ఉంది. దేశాల మీద నొక్కుతూ ఔను, కాదు, తటస్థం మారుస్తుంటే శాతం మారుతుంది. ఓటుకు ముందురోజు రాత్రి నేను అది తెరిచి కూర్చుంటాను.

నేను చూసిన ఓటు

2024 జూన్ 17, సోమవారం. లక్సెంబర్గ్‌లో పర్యావరణ మంత్రుల కౌన్సిల్. ఎజెండాలో ప్రకృతి పునరుద్ధరణ చట్టం. చెడిపోయిన నదులు, చిత్తడి నేలలు, అడవులు తిరిగి బాగుచేయాలని దేశాలను కట్టేసే చట్టం అది. 2030 నాటికి యూనియన్ భూభాగంలో, సముద్రాల్లో కనీసం 20 శాతం మీద పని మొదలవ్వాలి. 25,000 కిలోమీటర్ల మేర నదులకు అడ్డంకులు తీసి పారనివ్వాలి. కొల్లేరు ఒడ్డున పుట్టిన నేను దాన్ని 2022 జూన్‌లో కమిషన్ ప్రతిపాదించినప్పట్నుంచీ వెంటాడుతున్నాను.

2024 ఫిబ్రవరి 27న యూరోపియన్ పార్లమెంటు ఔనంది. మార్చిలో కౌన్సిల్ ఓటు వేయాల్సింది. ఆఖరి నిమిషంలో హంగరీ వెనక్కి తగ్గేసరికి 65 శాతం అందక ఎజెండాలోంచి తీసేశారు. మూడు నెలలు అలా గాల్లో ఉండిపోయింది.

మా ఆస్ట్రియాలో ఆ చట్టం మీద ప్రభుత్వంలోనే రెండు మాటలు. అప్పటి పర్యావరణ మంత్రి లియోనోరె గెవెస్లర్ గ్రీన్ పార్టీ మనిషి. అప్పటి చాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) కార్ల్ నేహమ్మర్ పీపుల్స్ పార్టీ. తొమ్మిది రాష్ట్రాలు కలిసి మొదట వద్దని ఒకే మాట ఇచ్చాయి. అలాంటి ఉమ్మడి మాట ఇక్కడ మంత్రిని కట్టేయగలదు. తర్వాత వియన్నా, కారింథియా తమ వైఖరి మార్చుకున్నాయి. అప్పుడు ఆ ఉమ్మడి మాట ఇంకా నిలిచి ఉందా లేదా అన్నదే పెద్ద తగువైంది. జూన్ 16, ఆదివారం నాడు గెవెస్లర్ తాను ఔనంటానని బయటికి చెప్పేశారు. ఆ ఓటు చెల్లదని చాన్సలర్ బెల్జియంకు రాశారు, ఎందుకంటే అప్పుడు అధ్యక్షత వాళ్లది.

ఆ రోజు నాకు మధ్యాహ్నం షిఫ్టు. కుక్కర్ పక్కన ఫోన్ నిలబెట్టి, చేతిలో ఒక కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. కాగితం మీద 27 దేశాల పేర్లు, పక్కన శాతాలు. అధ్యక్ష స్థానంలో బ్రస్సెల్స్ ప్రాంతం మంత్రి అలాన్ మారోన్. ఓటు ఫలితం చెప్పినప్పుడు నా పెన్ను కదల్లేదు. 20 దేశాలు ఔనన్నాయి. ఇటలీ, హంగరీ, నెదర్లాండ్స్, పోలాండ్, ఫిన్లాండ్, స్వీడన్ కాదన్నాయి. బెల్జియం తటస్థం. ఔనన్న దేశాల జనాభా 66.07 శాతం.

ఆ అంకెను ఒక్క నిమిషం చూడండి. కావలసింది 65. ఆస్ట్రియా జనాభా యూనియన్‌లో సుమారు 2 శాతం. ఆస్ట్రియాను తీసేస్తే 64 శాతం చిల్లర మిగులుతుంది, చట్టం పడిపోతుంది. చివర్లో ఔనన్న స్లొవేకియా ఇంకా చిన్నది, దాన్ని తీసేసినా 65 అందదు. ఒక మంత్రి ఒక కుర్చీలో కూర్చుని ఔనన్నందుకు 45 కోట్ల మంది ఉన్న చోట ఒక చట్టం నిలబడింది. ఆమె చేసింది సరైనదని నేను నమ్ముతున్నాను, ఎవరడిగినా దాచను. తప్పు అనేవాళ్లకూ వాదన ఉంది. మంత్రి ఓటు సొంత ఓటు కాదు, దేశం ఓటు అని వాళ్లు అంటారు. పీపుల్స్ పార్టీ కోర్టుకు వెళ్తామంది, ఆమె మీద పదవీ దుర్వినియోగం ఫిర్యాదు పెడతామంది. యూనియన్ ఒప్పందం 16వ ఆర్టికల్ 2వ పేరా ప్రకారం, తన ప్రభుత్వం తరఫున మాట ఇచ్చి ఓటు వేయగల మంత్రి స్థాయి ప్రతినిధే ఆ కుర్చీలో కూర్చోవాలి. గదిలో ఉన్న ప్రతినిధి వేసిన ఓటునే ఓటుగా లెక్కపెట్టారు. ఆగస్టు 18న చట్టం అమల్లోకి వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే నేర్చుకున్నాను. అధ్యక్ష స్థానంలో ఉన్నది బెల్జియం మంత్రి అయినా బెల్జియం తటస్థంగా ఉంది. అక్కడ ప్రాంతాల మధ్య ఏకాభిప్రాయం లేకపోతే దేశం తటస్థంగా ఉండాల్సిందే. అధ్యక్ష కుర్చీ వేరు, దేశం కుర్చీ వేరు. దేశం కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

తర్వాత దొరికే కాగితాలు

చట్టం మీద ఓటు అయితే "ఓటింగ్ రిజల్ట్" అని ఒక కాగితం పెడతారు. దేశం పేరు, ఓటు, జనాభా శాతం. అదే ముఖ్యం, అది దించుకుని దాచుకోండి. కొన్నాళ్లకు మినిట్స్, అంటే సమావేశం రికార్డు, వస్తాయి. మినిట్స్ చివర స్టేట్‌మెంట్లు ఉంటాయి, వాటిని వదలకండి. ఔనని ఓటేసి, "కానీ ఫలానా విషయంలో మాకు ఇష్టం లేదు" అని రాసిచ్చే దేశాలుంటాయి. ఇంటికొచ్చాక మంత్రి ఏ ముక్కను పట్టుకుని మాట్లాడతారో అక్కడే కనబడుతుంది.

ఆ ఓటింగ్ కాగితం ఫోటో నాన్నకు వాట్సాప్‌లో పంపాను. రాత్రి ఫోన్ చేసి, "ఏమ్మా, ఎవరెవరు ఔనన్నారో పేరు పెట్టి రాసి ఇచ్చేశారా?" అని అడిగారు. "ఇచ్చేశారు నాన్నా" అన్నాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క దేశం పేరూ నాతో చదివించుకున్నారు.

ఇంటి దగ్గర పార్లమెంటును కూడా పట్టుకోండి, అక్కడ దొరికేది కొన్నిసార్లు కౌన్సిల్ సైట్ కంటే ఎక్కువ. నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ప్రతి సమావేశానికి ముందు మంత్రి దిగువ సభకు వ్యాఖ్యలతో కూడిన ఎజెండా పంపుతారు, ఏ అంశం మీద ఏమనబోతున్నారో అందులో ఉంటుంది. వెళ్లొచ్చాక రిపోర్టు పంపుతారు. రెండూ బయట పెడతారు. డచ్ రాకపోయినా అనువాద టూల్‌లో వేసుకుని చదవండి, రెండు కాగితాలకూ తేడా చూడండి. డెన్మార్క్‌లో మంత్రి పెద్ద అంశాలకు బయల్దేరే ముందు పార్లమెంటు యూరప్ కమిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి. మా ఆస్ట్రియాలో పార్లమెంటు ప్రధాన కమిటీ మంత్రిని ఒక వైఖరికి కట్టేయగలదు, రాజ్యాంగం 23ఈ ఆర్టికల్ ఆ అధికారం ఇచ్చింది. పైగా పార్లమెంటు సైట్‌లో యూరప్ కాగితాల డేటాబేస్ అందరికీ తెరిచి ఉంది. జర్మనీలో ఉన్నవాళ్లు బుండెస్టాగ్ (అక్కడి పార్లమెంటు) యూరప్ వ్యవహారాల కమిటీ పేజీతో మొదలుపెట్టండి.

దొరకకపోతే అడగండి

కౌన్సిల్ రిజిస్టర్‌లో, అంటే దాని కాగితాల జాబితాలో, కాగితం పేరు కనిపించి, తెరవబోతే రాకపోవచ్చు. అడిగి తీసుకోవచ్చు. 1049/2001 నంబరు రెగ్యులేషన్ కింద యూనియన్ పౌరులకే కాదు, అక్కడ నివాసం ఉన్న ఎవరికైనా ఆ హక్కుంది. మన ఆర్టీఐ పౌరులకే. ఇక్కడ ఇండియా పాస్‌పోర్టుతో ఉన్న మనకు కూడా వర్తిస్తుందని తెలియక చాలామంది అడగరు. దరఖాస్తుకు ఫీజు లేదు, కారణం చెప్పక్కర్లేదు, ఇంగ్లీషులో రాస్తే చాలు. 15 పనిదినాల్లో జవాబివ్వాలి, అవసరమైతే ఇంకో 15 పొడిగించుకోవచ్చు. కాదంటే, 15 పనిదినాల్లోపు మళ్లీ పరిశీలించమని రాయండి. ఇది మొక్కుబడి కాదు. ఏ దేశం ఏ సవరణ అడిగిందో పేర్లు దాచే పద్ధతి కుదరదని 2013లో యూనియన్ న్యాయస్థానం చెప్పింది. చట్టం తయారవుతున్నప్పుడు దేశాల అధికారులు కూర్చునే వర్కింగ్ గ్రూపు కాగితాల విషయంలో 2023 జనవరిలో యూనియన్ జనరల్ కోర్టు కౌన్సిల్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మీ దరఖాస్తులో ఆ రెండు తీర్పులనూ ఒక వాక్యంలో ప్రస్తావించండి.

మంత్రికే రాయాలనుకుంటే చిన్నగా రాయండి. నేను మొదటిసారి రెండు పేజీలు రాశాను, కోపమంతా పోశాను. ఆ ఆఫీసు నుంచి జవాబు రాలేదు. రెండోసారి మూడు వాక్యాలు రాశాను: ఫలానా తేదీ కౌన్సిల్, ఎజెండాలో ఫలానా నంబరు అంశం, మీరు ఏ వైఖరి తీసుకున్నారు, పార్లమెంటుకు ముందు చెప్పింది అదేనా? మూడు వారాల్లో జవాబొచ్చింది, అందులో నేను అడిగినదానికి సూటిగా సమాధానం ఉంది. తేదీ, అంశం నంబరు ఉంటే అవతల చదివేవాళ్లకు ఫైలు వెతకడం తేలిక. అది లేకపోతే ఏదో ఒక మామూలు ఉత్తరం పంపేసి ఊరుకుంటారు.

ఐర్లండ్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. 2026 జులై నుంచి డిసెంబరు దాకా కౌన్సిల్ అధ్యక్షత ఐర్లండ్‌ది. ఆ ఆరు నెలలూ విదేశాంగ మంత్రుల సమావేశం తప్ప దాదాపు అన్నిటినీ నడిపేది డబ్లిన్ నుంచి వెళ్లిన మంత్రులే. లైవ్‌లో మీ కన్ను మధ్య కుర్చీ మీదికే పోతుంది. కానీ అధ్యక్షులుగా వాళ్లు అందరినీ కలుపుకుపోయే మాటలే మాట్లాడాలి. ఐర్లండ్ బోర్డు ఉన్న రెండో కుర్చీలో ఎవరు కూర్చున్నారో వెతకండి. ఆ దేశం మాట వినబడేది అక్కడి నుంచే.